సెకండ్‌హ్యాండ్ మియాటా: కొనేటప్పుడు ఏం చూడాలి, కొన్నాక ఎలా చూసుకోవాలి

అమెరికాలో ఉద్యోగం కుదురుకుంది, ఇంటిల్లిపాదికీ సరిపడే పెద్ద కారు గరాజ్‌లో ఉంది, ఇక సరదాకి టాప్, అంటే పైకప్పు, దించుకుని తిరిగే చిన్న కారు ఒకటి కొనాలి అనుకునే మనవాళ్లు ఎవరడిగినా నేను చెప్పే పేరు ఒక్కటే: మజ్దా మియాటా. మన ఊళ్లలో స్వరాజ్ మజ్దా మినీ బస్సుల మీద చదివిన మజ్దా ఇదే. 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో తొలిసారి చూపించిన ఈ రెండు సీట్ల కారు 2016లో 10 లక్షల మార్కు దాటింది. అన్ని తయారయ్యాయి కాబట్టే విడిభాగాలకు కొరత లేదు, పని తెలిసిన మెకానిక్కులూ దొరుకుతారు. పాత జర్మన్ కన్వర్టిబుల్ కొని హైడ్రాలిక్ టాప్ మోటార్లకు డబ్బు పోయడం కంటే, చేత్తో మడిచే టాప్ ఉన్న ఈ కారు ఎంతో నయం.

కారు చూడ్డానికి వెళ్లేవాళ్లు ముందు ఇంజిన్ చూస్తారు, తిరిగిన మైళ్లు చూస్తారు. నా లెక్క వేరు. మియాటా ఇంజిన్ మొండిది. ఆయిల్ వేళకు మారిస్తే చాలు, ఏళ్ల తరబడి నడుస్తుంది. గట్టి పైకప్పు లేని కారును తినేసేది నీరు. టాప్ మీద పడ్డ వాన ఎటు పోతోంది, ఎక్కడ ఆగుతోంది, ఆగినచోట రేకు ఎలా ఉంది? కొనేటప్పుడైనా, కొన్నాకైనా ఈ కారుతో సగం పని ఇదే.

ముందు ఏ తరమో తేల్చుకోండి

మియాటాలో నాలుగు తరాలున్నాయి. ఎన్ఏ, ఎన్‌బీ, ఎన్‌సీ, ఎన్‌డీ అని పిలుస్తారు. ప్రకటనల్లో, విడిభాగాల దుకాణాల్లో ఇవే పేర్లు వినిపిస్తాయి కాబట్టి గుర్తుంచుకోండి.

ఎన్ఏ అంటే 1990 నుంచి 1997 మోడళ్లు. హెడ్‌లైట్లు పైకి లేచేది దీనికే. 1993 వరకు 1.6 లీటర్ ఇంజిన్, 1994 నుంచి 1.8. వెనక అద్దం నిజానికి అద్దం కాదు, జిప్పుతో ఊడదీసే ప్లాస్టిక్ షీటు. అందరూ మనసు పారేసుకునే మోడల్ ఇదే, ధరలు కూడా ఈమధ్య దీనికే పెరిగాయి. 1990, 1991 తొలి కార్లలో మాత్రం ఒక లోపం ఉంది. ఇంజిన్ ప్రధాన ఇరుసైన క్రాంక్‌షాఫ్ట్ ముందు కొన పొట్టిగా ఉండి, పుల్లీ బిగించిన చోట అరిగిపోతుంది. ఇంజిన్ ముందున్న పెద్ద పుల్లీ మధ్యలో గాడులు నాలుగే ఉంటే పాత రకం, ఎనిమిది ఉంటే మార్చిన రకం. టార్చ్ వేసి చూస్తే కనిపిస్తుంది. పాత రకమైతే, టైమింగ్ బెల్టు (ఇంజిన్ లోపలి భాగాలను ఒకే లయలో తిప్పే పట్టీ) పని ఎవరు చేశారో, బోల్టు సరిగ్గా బిగించారో లేదో తెలియకుండా తీసుకోకండి.

ఎన్‌బీ 1999 నుంచి 2005 వరకు వచ్చింది. 1998 మోడల్ అంటూ అమెరికాలో అసలు రాలేదు, ఎవరైనా అలా ప్రకటిస్తే కాగితాలు మరోసారి చూడండి. దీనికి గాజు వెనకద్దం, ఆ అద్దం మీది ఆవిరి పోగొట్టే డీఫాగర్ ఉన్నాయి. టాప్ దించేటప్పుడు జిప్పు గొడవ లేదు. తక్కువ డబ్బుతో మంచి మియాటా కావాలంటే నా ఓటు ఎన్‌బీకే. రూపం ఎన్ఏ అంత ముద్దుగా లేదన్న ఒక్క కారణంతో దీన్ని తక్కువగా చూస్తారు కానీ, నడిపితే తేడా కనిపెట్టడం కష్టం.

ఎన్‌సీ 2006 నుంచి 2015. కాస్త పెద్దది, లోపల చోటెక్కువ. టైమింగ్ బెల్టు బదులు చెయిను, 2 లీటర్ల ఇంజిన్. 2007 నుంచి మీట నొక్కితే మడుచుకునే గట్టి టాప్ కూడా దొరికింది, మడిచినా డిక్కీ చోటు తగ్గదు. ఆరడుగుల మనిషికి ఎన్ఏ, ఎన్‌బీల్లో తల టాప్‌కు తగులుతుంది, మోకాళ్లు స్టీరింగ్‌కు తగులుతాయి. అలాంటివాళ్లు ముందు ఎన్‌సీలో కూర్చుని చూడండి.

ఎన్‌డీ 2016 నుంచి. కూర్చున్న చోటు నుంచే ఒంటిచేత్తో టాప్ దించి వేసుకోవచ్చు. తొలి ఏళ్ల కార్లలో కొన్నిటికి గేర్‌బాక్సులు పాడయ్యాయి, మజ్దా ఆ తర్వాత భాగాలను గట్టిపరిచింది. 2019లో ఇంజిన్ శక్తి 155 నుంచి 181 హార్స్‌పవర్‌కు పెరిగింది, స్టీరింగ్‌ను ముందుకూ వెనక్కూ జరుపుకునే వీలూ వచ్చింది. డబ్బుకు ఇబ్బంది లేకపోతే 2019, ఆ తర్వాతివే చూడండి.

ఒక మాట. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఇది ఎప్పటికీ రెండో కారే. వెనక సీటు లేదు.

ఆ కారు ఏ రాష్ట్రంలో బతికింది?

మిషిగన్, ఒహాయో, పెన్సిల్వేనియా, న్యూయార్క్ వైపు చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీరు కింద నుంచి రేకును తింటుంది. టెక్సస్, అరిజోనా, దక్షిణ కాలిఫోర్నియాల్లో తుప్పు భయం తక్కువ, కానీ ఎండకు టాప్ పెళుసెక్కుతుంది, డాష్‌బోర్డు పగులుతుంది, రబ్బరు సీళ్లు గట్టిపడతాయి. రెండిట్లో ఏది మేలంటే, సందేహం లేకుండా ఎండలో మాడిన కారే. టాప్ మార్చుకోవచ్చు, సీళ్లు మార్చుకోవచ్చు. తుప్పు పట్టిన చట్రాన్ని మార్చుకోలేం. న్యూజెర్సీ ఎడిసన్‌లో ఉండేవాళ్లు టెక్సస్ డాలస్‌లో ఉన్న స్నేహితుడిని పంపి చూపించుకుని, కారును ట్రక్కు మీద తెప్పించుకున్నా నష్టం లేదు.

కార్ చరిత్ర రిపోర్టులో ఏ ఏడాది ఏ రాష్ట్రంలో రిజిస్టర్ అయిందో ఉంటుంది. ఇప్పుడు ఫ్లోరిడాలో ఉందని మురిసిపోకుండా, మొదటి పదేళ్లు ఎక్కడుందో చదవండి.

కొనే కాలం కూడా చూసుకోండి. మార్చి, ఏప్రిల్‌లో ఎండ తగలగానే అందరికీ కన్వర్టిబుల్ గుర్తొస్తుంది. నవంబరు, డిసెంబరుల్లో బేరం మీ చేతిలో ఉంటుంది.

నీళ్ల పరీక్ష

అమ్మేవాళ్ల ఇంటికి వెళ్లేటప్పుడు టార్చ్, సన్నమూతి నీళ్ల సీసా, పాత తువ్వాలు, చిన్న అయస్కాంతం పట్టుకెళ్లండి. "రాత్రి కారు బయట ఉంచండి, కడగకండి" అని ముందే చెప్పడం మంచిది.

మొదట తలుపు తీయగానే వాసన చూడండి. బూజు వాసనా, దాన్ని కప్పెట్టడానికి వేలాడదీసిన సెంటు బిళ్లా రెండూ ఒకటే సంగతి చెబుతాయి. తర్వాత సీట్లను పూర్తిగా ముందుకు జరిపి, వెనక కార్పెట్‌ను అరచేత్తో గట్టిగా అదమండి. పైన పొడిగా ఉన్నా కింద ఉన్న స్పాంజి తడిని పట్టి ఉంచుతుంది, అదిమితేనే చేతికి చెమ్మ తెలుస్తుంది. పాదాలు పెట్టే చోటా అలాగే చూడండి. అక్కడ తడి ఉంటే ముందు అద్దం పక్క సీళ్ల నుంచి కారుతుండొచ్చు.

ఇక అసలు సంగతి డ్రెయిన్లు. టాప్ మీద నుంచి జారిన నీరు దాని అడుగు అంచున ఉన్న కాలువలోకి దిగుతుంది. దాన్ని రెయిన్ రెయిల్ అంటారు. అక్కణ్నుంచి సీట్ల వెనక, సీట్‌బెల్టు స్తంభాల పక్కన ఉన్న రెండు రంధ్రాల గుండా గొట్టాల్లోకి పోయి, వెనక చక్రాల ముందు నేలమీద పడుతుంది. ఆకులు, పైన్ సూదులు, దుమ్ము చేరి ఆ గొట్టాలు మూసుకుపోతే, డాబా మీద వాన గొట్టం పూడుకుపోయినప్పుడు స్లాబు ఉరిసినట్టే కారూ ఉరుస్తుంది. నీరు లోపలికి వస్తే కార్పెట్ తడుస్తుంది కాబట్టి కనీసం తెలుస్తుంది. గొట్టం కింది కొస దగ్గర ఊడి ఉంటే ఆ నీరు తలుపు కింద పొడుగునా సాగే బోలు రేకులోకి, అంటే సిల్‌లోకి పోయి నిలుస్తుంది. బయటికి ఏమీ కనిపించదు. రేకు లోపలి నుంచి కుళ్లుతూ వచ్చి, ఒకరోజు వెనక చక్రం ముందు రంగు పొక్కుతుంది. ఆ పొక్కు కనిపించేసరికి లోపల సగం పోయినట్టే.

ఎన్ఏ, ఎన్‌బీల్లో టాప్‌ను సగం మడిచి, సీట్‌బెల్టు స్తంభం వెనక కార్పెట్ అంచు లేపితే డ్రెయిన్ మూతి కనిపిస్తుంది. అమ్మేవారి అనుమతి అడిగి, అందులో నెమ్మదిగా ఒక గ్లాసెడు నీళ్లు పోయండి. పోస్తూ ఉండగానే కింద వెనక చక్రం ముందు ధార పడాలి. రెండో వైపూ చూడండి. చుక్కలు చుక్కలుగా వస్తే మురికి చేరిందని అర్థం, శుభ్రం చేసుకోవచ్చు, బేరానికీ పనికొస్తుంది. పోసిన నీళ్లు ఎక్కడా బయటికి రాకపోతే మాత్రం ఆ కారును పక్కన పెట్టండి.

తర్వాత మోకాళ్ల మీద కూర్చుని, రెండు వైపులా వెనక చక్రం ముందు సిల్‌ను వేళ్లతో నొక్కుతూ పోండి. చప్పుడు గట్టిగా, ఒకేలా రావాలి. అయస్కాంతానికి తువ్వాలు చుట్టి అక్కడ ఆనించండి. రేకైతే పట్టుకుంటుంది, లప్పం పెట్టి రంగు కొట్టి ఉంటే జారిపోతుంది. ఎన్‌బీల్లో ఇంజిన్ గదికి అటూ ఇటూ సాగే ముందు చట్రం దూలాలను కింద నుంచి ప్రత్యేకంగా చూపించుకోవాలి. రెండు పొరల రేకు మధ్య నీరు నిలిచి అక్కడా తుప్పు పడుతుంది. ఎన్‌సీ, ఎన్‌డీల్లో డ్రెయిన్ల అమరిక వేరు, మాన్యువల్ చూసి చోటు తెలుసుకుని వెళ్లండి. పరీక్ష మాత్రం అదే.

డిక్కీ తెరిచి కార్పెట్ ఎత్తండి. ఎన్ఏ, ఎన్‌బీల్లో బ్యాటరీ ఉండేది అక్కడే, కుడి మూలన. దానికి ఆవిరి బయటికి పోయే గొట్టాలున్న సీల్డ్ బ్యాటరీ వేయాలి. చవకని మామూలు బ్యాటరీ పెట్టి ఉంటే యాసిడ్ కారి కింద రేకు తినేసి ఉంటుంది.

చివరగా టాప్. వేసి, లోపల కూర్చుని, తలుపులు మూసి పైకి చూడండి. సూది మొన అంత వెలుతురు కనిపించినా అక్కడ చిరుగు ఉన్నట్టు. మడత పడే చోట్ల, కుట్ల దగ్గర వేలితో తడమండి. టాప్ చిరిగిందని మంచి కారు వదులుకోకండి. కొత్తది వేయించడానికి కూలితో కలిపి వెయ్యి డాలర్ల పైమాటే అవుతుంది, ఆ మొత్తం ధరలో తగ్గించమని అడగండి. రెయిన్ రెయిల్ చిరిగి ఉంటే కూడా అంతే, టాప్‌తో పాటే మార్పించుకోవచ్చు.

ఇంజిన్, గేర్లు, నడక

ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయాలి. మీరు వెళ్లేసరికి వేడెక్కించి ఉంటే ఇంకో రోజు వస్తానని చెప్పండి. ఎన్ఏల్లో స్టార్ట్ చేసిన కొత్తలో పైనుంచి టిక్ టిక్ మని చప్పుడు వస్తుంది, వాల్వులను కదిపే హైడ్రాలిక్ లిఫ్టర్లలోకి ఆయిల్ చేరగానే సద్దుమణుగుతుంది. దానికి భయపడనక్కర్లేదు. అడుగు నుంచి వచ్చే బరువైన దబదబ చప్పుడైతే అక్కడితో ఆపేయండి.

రేడియేటర్ పైభాగం ప్లాస్టిక్. కొత్తలో నల్లగా ఉంటుంది, ముసలిదయ్యేకొద్దీ గోధుమరంగుకు తిరుగుతుంది. ఆ రంగు కనిపిస్తే త్వరలో పగులుతుందన్నమాటే, ఇంజిన్ ఉడికిపోయే ముందే మార్చాలి. ఇంజిన్ వెనక భాగాన, ఎన్ఏల్లో, కామ్ యాంగిల్ సెన్సార్ ఓ-రింగ్ నుంచి ఆయిల్ కారడం మామూలే. చవకగా పోయే పని.

క్లచ్ పెడల్ మెత్తగా దిగిపోతున్నా, గేరు పడడానికి మొరాయిస్తున్నా క్లచ్‌ను విడదీసే స్లేవ్ సిలిండర్ పోయి ఉండొచ్చు. పాత మియాటాల్లో అది అరిగే వస్తువే. చల్లగా ఉన్నప్పుడు రెండో గేరు కాస్త గరగరమని, వేడెక్కాక సాఫీగా పడితే బేరమాడుకోండి. వేడెక్కాక కూడా గరగరలాడితే గేర్‌బాక్సు విప్పాల్సిందే. నేరుగా ఉన్న రోడ్డు మీద 65 మైళ్ల వేగానికి తీసుకెళ్లి స్టీరింగ్ వణుకుతోందేమో చూడండి. ఈ తేలికైన కారుకు చక్రాల బ్యాలెన్సింగ్ కొద్దిగా తప్పినా తెలిసిపోతుంది.

ఎన్ఏ అయితే హెడ్‌లైట్లు రెండూ ఒకేసారి లేస్తున్నాయా చూడండి. టెక్సస్‌లో ఉండేవాళ్లు ఏసీ వేసి చల్లదనం చూడడం మరవకండి. 1993 వరకు వచ్చినవి ఏసీలో పాత ఆర్-12 గ్యాస్ వాడిన కార్లు, ఇంకా కొత్త గ్యాస్‌కు మార్చకపోతే ఆ ఖర్చు ఉంటుంది.

స్ప్రింగులు కోసి కిందికి దించినవి, పద్దు లేకుండా టర్బో బిగించినవి, సీట్లు పీకేసి రేసులకు తిప్పినవి మొదటి మియాటాగా వద్దు. ఎవరో ఇష్టపడి చేసుకున్న మార్పుల చిక్కులు విప్పడం కొత్తవాళ్ల వల్ల కాదు.

ఇదంతా మీరు చూసుకున్నా సరే, అమ్మేవారికి సంబంధం లేని మెకానిక్ దగ్గర లిఫ్ట్ ఎక్కించి చూపించండి. వద్దనే అమ్మకందారు దగ్గర కొనకండి.

కాగితాలు

టైటిల్ (కారు యాజమాన్య పత్రం) మీద సాల్వేజ్ (బాగా దెబ్బతిన్నదని తేల్చినది), రీబిల్ట్ (అలాంటిదాన్ని బాగుచేసినది) ముద్రలున్నాయా, బ్యాంకు అప్పు తీరిందా చూడండి. విన్ నంబరుతో (ప్రతి కారుకూ ఉండే గుర్తింపు సంఖ్య) ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ (ప్రభుత్వ రోడ్డు భద్రతా సంస్థ) సైటులో రీకాల్స్, అంటే లోపాలు సరిచేయడానికి కంపెనీ వెనక్కి పిలిచిన పనులు, ఉచితంగా తెలుస్తాయి, ఎయిర్‌బ్యాగు పనులు మిగిలి ఉంటే డీలరు డబ్బు తీసుకోకుండా చేస్తారు. ఎన్‌ఐసీబీ (బీమా నేరాలను అరికట్టే సంస్థ) సైటులో దొంగబండి అవునో కాదో కూడా ఉచితంగానే చూసుకోవచ్చు. చాలా పాత మియాటాల బానెట్, తలుపులు, ఫెండర్ల మీద విన్ నంబరు స్టిక్కర్లు ఉంటాయి. ఒక ఫెండర్ మీద లేకపోతే అది గుద్దుకుని మార్చిన ఫెండర్ కావచ్చు, అడగండి. టెక్సస్‌లో అయితే అమ్మేవారితో కలిసి కౌంటీ ట్యాక్స్ ఆఫీసుకు వెళ్లి టైటిల్ మార్చుకోవడం ఇద్దరికీ క్షేమం.

ఇండియాకు తిరిగి వెళ్లేటప్పుడు తీసుకెళ్దాం అనే ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకోండి. వాడిన కారు దిగుమతికి మూడేళ్లు దాటకూడదు, స్టీరింగ్ కుడివైపు ఉండాలన్న నిబంధనలున్నాయి. అమెరికా మియాటాకు ఎడమ స్టీరింగ్. కుడివైపు కూర్చుని నడపడమే అలవాటు, అదే ఇష్టం అనుకుంటే దానికి మాత్రం దారి ఉంది. జపాన్‌లో యూనోస్ రోడ్‌స్టర్ పేరుతో అమ్మిన ఎన్ఏలు 25 ఏళ్లు దాటాయి కాబట్టి అమెరికాకు దిగుమతి అయి దొరుకుతున్నాయి.

కొన్న మొదటి నెలలో

పాత యజమాని ఏం చెప్పినా రసీదు లేని పని జరగనట్టే లెక్కేయండి. ఇంజిన్ ఆయిల్, గేర్‌బాక్సు ఆయిల్, వెనక డిఫరెన్షియల్ ఆయిల్, కూలెంట్, బ్రేకు, క్లచ్ ఫ్లూయిడ్ అన్నీ మార్చండి. ఎన్ఏ, ఎన్‌బీల్లో టైమింగ్ బెల్టు 60,000 మైళ్లకు మార్చాలి. ఎప్పుడు మార్చారో తెలియకపోతే వెంటనే మార్చి, అదే పనిలో వాటర్ పంపు, ముందు ఆయిల్ సీళ్లు కూడా వేయించండి. ఒకసారి విప్పాక మళ్లీ విప్పించే కూలి దండగ.

టైర్ల మీద గీతలు లోతుగా కనిపించినా మోసపోకండి. సరదా కార్లు తక్కువ తిరుగుతాయి, టైరు అరగక ముందే ముసలిదవుతుంది. పక్కన డాట్ అక్షరాల తర్వాత చివరి నాలుగంకెల్లో మొదటి రెండు వారం, తర్వాతి రెండు ఏడాది. 2318 అంటే 2018లో 23వ వారం. పదేళ్లకు దగ్గర పడ్డ టైర్లతో టాప్ లేని కారు నడపొద్దు.

టాప్‌ను కాపాడుకోవడం

మీ టాప్ వినైలా, బట్టా అన్నది మొదట చూసుకోండి. నేత కనిపిస్తే బట్ట, తోలు లాంటి నునుపుంటే వినైల్. రెండిటినీ కడిగేది ఒకేలా. నీడలో, కార్ షాంపూ నీళ్లతో, మెత్తని బ్రష్షుతో చిన్న చిన్న చుట్లు తిప్పుతూ రుద్ది, నురగ పూర్తిగా పోయేదాకా కడగాలి. ప్రెషర్ వాషర్ మొన కుట్ల మీద పెట్టకండి. బ్రష్షులు తిరిగే ఆటోమేటిక్ వాష్‌లోకి అసలు పంపకండి.

ఆరాక పూసేది మాత్రం వేరు. వినైల్‌కు ఎండ నుంచి కాపాడే ద్రావణం, బట్టకు నీరు ఇంకకుండా చేసే స్ప్రే. ఒకదానిది ఇంకోదానికి వాడకండి. జిడ్డుగా మెరిసే టైరు పాలిష్ లాంటివి దేనికీ వద్దు, వాటికి దుమ్ము అంటుకుంటుంది. ఎండ ఎక్కువున్న రాష్ట్రాల్లో ఇది ఏడాదికి రెండు మూడుసార్లు చేస్తే టాప్ చాలా ఏళ్లు అదనంగా వస్తుంది.

ఎన్ఏ ప్లాస్టిక్ అద్దం ఉన్నవాళ్లు టాప్ దించే ముందు ప్రతిసారీ జిప్పు తీసి, అద్దాన్ని బోర్లా పరిచి, మధ్యలో మెత్తని తువ్వాలు పెట్టండి. బద్ధకించి జిప్పు తీయకుండా దించితే అద్దం మడతపడి అక్కడే పగులుతుంది. చలిలో ఆ ప్లాస్టిక్ బిరుసెక్కుతుంది, గడ్డకట్టే చలి ఉన్న రోజున టాప్ జోలికే వెళ్లకండి. దాన్ని తుడవడానికి అమ్మోనియా ఉన్న గ్లాస్ క్లీనర్, కాగితం తువ్వాళ్లు పనికిరావు. నీళ్లతో దుమ్ము కడిగి, మైక్రోఫైబర్ గుడ్డతో ప్లాస్టిక్ పాలిష్ పెట్టాలి.

తడి టాప్‌ను మడిచి వదిలేయడం అన్నిటికన్నా చెడ్డ అలవాటు. రెండు రోజుల్లో బూజు మొదలవుతుంది, ఆ మరకలు పోవు. వానలో తడిసి వస్తే టాప్ వేసే ఉంచి, గరాజ్‌లో అద్దాలు కాస్త దించి ఆరనివ్వండి. తడి కారు మీద కవరు కూడా కప్పకండి.

తలుపు అద్దాలు ఆనే రబ్బరు సీళ్లకు అప్పుడప్పుడు సిలికాన్ గ్రీజు పలచగా రాయండి. పెట్రోలియం గ్రీజు రబ్బరును ఉబ్బిస్తుంది.

డ్రెయిన్లను ఏడాదికి రెండుసార్లు, ఆకులు రాలాక ఒకసారి, వసంతంలో పుప్పొడి తగ్గాక ఒకసారి శుభ్రం చేయండి. మూతి దగ్గర చెత్తను వేళ్లతో తీసి, గడ్డి కోసే ట్రిమ్మర్‌లో వాడే నైలాన్ తీగను మెల్లగా తోస్తూ తిప్పండి, తర్వాత నీళ్లు పోయండి. ఇనుప తీగ గొట్టాన్ని చీలుస్తుంది. కంప్రెసర్ గాలి కొడితే కింది అతుకు ఊడి, నీరు సిల్‌లోకి దారి చేసుకుంటుంది.

చలికాలం నిలిపి ఉంచేటప్పుడు

మంచు రాష్ట్రాల్లో ఉప్పు చల్లడం మొదలయ్యే ముందే కారును లోపల పెట్టేయండి. కడిగి, బాగా ఆరాక, ఆయిల్ మార్చి, ట్యాంకు నింపి, పెట్రోలు పాడవకుండా ఫ్యూయెల్ స్టెబిలైజర్ కలపండి. అది కలిపాక కాసేపు నడిపితే ఇంజిన్ దాకా చేరుతుంది. బ్యాటరీ దిగిపోకుండా చార్జి నిలిపే మెయింటైనర్ తగిలించండి. టాప్ వేసి, బిగువుగా ఉంచండి, మడిచి నెలల తరబడి వదిలితే మడతలు శాశ్వతమవుతాయి. హ్యాండ్‌బ్రేకు వేస్తే ప్యాడ్లు అంటుకుపోవచ్చు, గేరులో ఉంచి చక్రాలకు అడ్డు పెట్టండి. ఎలుకలు చేరే గరాజ్ అయితే గాలి లోపలికి పోయే గొట్టం మూతికి గుడ్డ కుక్కి, స్టీరింగ్ మీద చీటీ అంటించండి, తీయడం మరచిపోకుండా.

వసంతంలో మొదటిసారి తీసేటప్పుడు ముందు ఆ గుడ్డ తీసి, టైర్లలో గాలి, ఆయిల్, బ్రేకు ఫ్లూయిడ్ చూసి, డ్రెయిన్లలో చెరో గ్లాసు నీళ్లు పోయండి. ఇంటి వీధిలోనే రెండు మూడుసార్లు మెల్లగా బ్రేకు వేసి, డిస్కుల మీద పేరుకున్న పైపై తుప్పు పోయాకే పెద్ద రోడ్డెక్కండి.